ఒపినెల్ 8వ నంబరు చాకు: ఉక్కు కన్నా ముందు చెక్క సంగతి చూడాలి

రోజూ జేబులో పెట్టుకు తిరగడానికి ఒక్క మడత చాకు కొనాలి, దానితో చేసే పని ఎక్కువగా పండ్లు, కూరగాయలు, పురికొస, అట్టపెట్టెలు కోయడమే అనుకుంటే, ఒపినెల్ 8వ నంబరు స్టెయిన్‌లెస్ కొనండి. ఇంతకన్నా గట్టివి, ఖరీదైనవి బజార్లో చాలా ఉన్నాయి. కోత నాణ్యతలో దీన్ని మించినవి మాత్రం తక్కువ. అయితే ఇది ఫ్రాన్సులోని ఆల్ప్స్ కొండల్లో పుట్టిన వస్తువు, పిడి చెక్కది. కాకినాడలోనో విశాఖలోనో ఆగస్టు ముసురులో ఆ చెక్క ఏం చేస్తుందో ముందే తెలుసుకుని కొనాలి.

ఆ కొండల్లోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో ఈ చాకును రూపొందించాడు. కొన్నేళ్ళకే 1 నుంచి 12 దాకా నంబర్లతో ఒక వరుస వచ్చింది. వాటిలో 1, 11 ఆ తరవాత ఆగిపోయాయి. నంబరుతో పాటు బ్లేడూ పెరుగుతుంది. 6వ నంబరు బ్లేడు 7 సెంటీమీటర్లు, 7వది 8, మన 8వది 8.5, 10వది 10. 8వ నంబరు మడిస్తే 11 సెంటీమీటర్లు ఉంటుంది, బరువు సుమారు 45 గ్రాములు. చొక్కా జేబులో వేసుకున్నా జేబు కిందికి లాగదు.

మొత్తం ఐదే భాగాలు: బ్లేడు, బీచ్ అనే యూరప్ చెట్టు చెక్కతో చేసిన పిడి, బ్లేడు మడతపడే చోట ఉండే రివిట్టు, పిడి తలకు బిగించిన లోహపు పట్టీ, ఆ పట్టీ మీద తిరిగే రింగు. లోపల స్ప్రింగు లేదు. మడిచి ఉన్నప్పుడు బ్లేడు దానంతట అది తెరుచుకోకుండా పట్టి ఉంచేది చెక్క గాడి ఒరిపిడి, దానికి తోడు రింగు. ఈ రింగును మార్సెల్ ఒపినెల్ 1955లో చేర్చాడు. మొదట్లో అది తెరిచిన బ్లేడునే బిగించేది. ఇప్పుడొచ్చేవాటిలో మడిచిన బ్లేడును కూడా బిగిస్తుంది. జేబులో పెట్టుకునేవాళ్ళకు ఆ రెండో సదుపాయమే ఎక్కువ ముఖ్యం, పెట్టే ప్రతిసారీ రింగు తిప్పి మరీ పెట్టాలి.

ఇంత బాగా కోయడానికి కారణం బ్లేడు పల్చదనం. వెన్ను దగ్గర కూడా రెండు మిల్లీమీటర్లకు లోపే ఉంటుంది, అక్కణ్ణుంచి అంచు దాకా సన్నబడుతూ వస్తుంది. మూడు మిల్లీమీటర్లో ఆ పైనో మందం ఉన్న చాకుతో క్యారెట్ కోస్తే సగం దాకా దిగి, ఆ తరవాత టప్పున పగులుతుంది. అంచు ఎంత పదునుగా ఉన్నా వెనకున్న మందం మేకులా పనిచేస్తుంది కాబట్టి అలా అవుతుంది. ఒపినెల్ చివరి దాకా కోస్తుంది. జామకాయ పలుచటి బద్దలు, పచ్చిమామిడి తొక్క తీయడం, దానిమ్మ పైతోలుకు గాటు పెట్టడం, నిమ్మ చెక్కలు, పూల దండ దారం తెంపడం, ఈ పనులన్నిటిలో వంటింటి చాకుకు ఏమాత్రం తీసిపోదు. ఆవకాయ ముక్కలు మాత్రం దీనితో కొట్టాలని చూడకండి. టెంకతో పాటు కొట్టడానికి మామిడికాయల కత్తిపీటే సరైనది.

ఇక ఉక్కు. రెండు రకాలు దొరుకుతాయి. బ్లేడు మీద కార్బోన్ అని ఉంటే ఎక్స్‌సి90 కార్బన్ ఉక్కు, అందులో కార్బన్ దాదాపు 0.9 శాతం. ఇనాక్స్ అని ఉంటే శాండ్విక్ 12సి27 అనే స్వీడన్ ఉక్కు రకంలో కొద్ది మార్పు చేసిన స్టెయిన్‌లెస్. కార్బన్ బ్లేడు రాయి మీద తొందరగా పదునెక్కుతుంది, అందుకే చాకుల మీద మోజున్నవాళ్ళు దాన్నే పొగుడుతారు. కానీ మన తిండిలో పులుపు ఎక్కువ. నిమ్మ, చింతకాయ, మామిడి సొన, టమాటా, ఉల్లి, ఇవన్నీ కార్బన్ ఉక్కును తాకగానే రంగు మారుస్తాయి. కోసిన ముక్క అంచు నల్లబడుతుంది, ఇనుము రుచి తగులుతుంది. కొన్ని వారాలు వాడాక బ్లేడంతా బూడిద నీలం రంగు పొర పట్టి ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. ఆ పొర వల్ల నష్టం లేదు, దాన్ని తోమి తీసేయకూడదు. ఎర్రగా కనిపించేదే తుప్పు. దాన్ని నూనె చుక్క వేసి, మెత్తటి స్టీలు పీచుతో వెంటనే రుద్దేయాలి. వదిలేస్తే చిన్న చిన్న గుంటలు పడతాయి. అంచు మీద గుంట పడితే ఆ మేరకు ఉక్కంతా అరగదీస్తే తప్ప పోదు.

అనంతపురం, హైదరాబాదు లాంటి పొడి చోట్ల, వాడిన వెంటనే తుడిచే అలవాటున్నవాళ్ళు కార్బన్ హాయిగా వాడుకోవచ్చు. కోస్తాలో ఉండేవాళ్ళకు, చాకును చెమట పట్టిన జేబులో పెట్టుకునేవాళ్ళకు ఇనాక్స్ తప్ప మరోటి చెప్పలేం. పదును నిలవడంలో రెంటికీ రోజువారీ పనిలో తెలిసేంత తేడా లేదు. ఇనాక్స్ కూడా ఉప్పు నీటికి పూర్తిగా అతీతం కాదు. చేపలు కోశాకో, సముద్రపు ఒడ్డున వాడాకో మంచినీటితో బ్లేడు కడిగి ఆరబెట్టాల్సిందే.

ఉక్కు గురించి ఇంత చర్చ జరుగుతుంది గానీ, మన వాతావరణంలో నిజంగా ఇబ్బంది పెట్టేది చెక్క. వానాకాలంలో గాలిలోని తేమ పీల్చుకుని బీచ్ చెక్క ఉబ్బుతుంది. పిడి తలను బయటి నుంచి లోహపు పట్టీ బిగించి ఉంటుంది కాబట్టి ఆ ఉబ్బు బయటికి పోలేక గాడి లోపలికి వస్తుంది. బ్లేడు మొదలును రెండు వైపులా నొక్కేస్తుంది. ఇక గోటితో లాగితే గోరు విరగాలి తప్ప బ్లేడు కదలదు. పిడి బయట వార్నిషు ఉన్నా, ఆ రక్షణ గాడి లోపలికి సరిగా చేరదు.

ఇరుక్కున్న చాకును తెరవడానికి సవోయ్ వాళ్ళ పాత పద్ధతి ఒకటుంది. రింగును బిగింపు వదిలేలా తిప్పి పెట్టి, పిడి తోక కొనను బల్ల అంచుకో రాతి గట్టుకో టకటకా రెండు మూడు సార్లు కొడితే బ్లేడు మొన గాడిలోంచి పైకి లేస్తుంది. అప్పుడు వేళ్ళతో వెన్ను పట్టుకుని తెరవచ్చు. కటింగ్ ప్లేయరుతో బ్లేడును పట్టి లాగకండి, గీతలు పడతాయి, జారితే చెయ్యి తెగుతుంది.

అసలు ఆ అవసరమే రాకుండా చేసుకోవడం మేలు. చాకు కొత్తగా ఉన్నప్పుడే, వీలైతే మార్చి ఏప్రిల్ నెలల్లో, చెక్క బాగా పొడిగా ఉన్నప్పుడు గాడికి మైనం పట్టించాలి. తెల్ల కొవ్వొత్తి ముక్కను చిన్న గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడినీళ్ళున్న పెద్ద గిన్నెలో పెట్టి కరిగించండి. మైనాన్ని నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది. బ్లేడును సగం తెరిచి, రివిట్టు దగ్గర గాడిలో రెండు పక్కలా నాలుగైదు చుక్కలు వేయండి. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో ఒకటి రెండు నిమిషాలు వేడి గాలి తగిలిస్తే మైనం చెక్కలోకి ఇంకుతుంది. నాలుగైదు సార్లు తెరిచి మూసి, పైకొచ్చిన మైనాన్ని గుడ్డతో తుడిచేయండి. చాకును స్టవ్ మంట మీద వేడి చేయడం మాత్రం వద్దే వద్దు. చెక్క మాడుతుంది, పల్చటి బ్లేడు గట్టిదనం కోల్పోతుంది. ఇంత శ్రమ వద్దనుకుంటే గాడిలో వేసలీన్ రాసినా కొన్నాళ్ళు పనిచేస్తుంది, మైనమంత కాలం నిలవదు.

పిడి బయటికి అవిసె నూనె మంచిది, ఎందుకంటే అది గాలికి ఆరి గట్టిపడుతుంది. వార్నిషు గీకేసిన పిడికి పల్చగా ఒక పూత వేసి, పావుగంటాగి మిగులు తుడిచి, బాగా ఆరాక మళ్ళీ వేస్తూ మూడు పూతలు వేస్తే చాలు. ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి పారేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక గుడ్డ దానంతట అదే అంటుకోవచ్చు. పరిచి ఆరబెట్టి పారేయాలి. నువ్వుల నూనె, వేరుశనగ నూనె పిడికి పనికిరావు. సరిగా ఆరవు, జిగురు కట్టి కంపు కొడతాయి.

గాడి మరీ బిగుతుగా ఉంటే 220 నంబరు గరుకు కాగితం మడిచి, రివిట్టు దగ్గర గాడి గోడలను కొద్దిగా రుద్దవచ్చు. అయితే వానాకాలంలో ఈ పని చేయకండి. ఉబ్బిన చెక్కను అప్పటికి సరిపోయేలా అరగదీస్తే వేసవిలో అది కుంచించుకుపోయి బ్లేడు వదులైపోతుంది. పోయిన చెక్క తిరిగి రాదు. ఎండాకాలంలో కూడా బిగుతుగానే ఉంటేనే, అయిదారు రుద్దులకోసారి సరిచూస్తూ చేయాలి.

కడగడమంటే బ్లేడును కడగడమే. పిడిని నీళ్ళలో నానబెట్టడం, అంట్లతో పాటు తొట్టిలో పడేయడం ఈ చాకును చంపడమే. బ్లేడు తెరిచి ఉంచే ఆరబెట్టాలి.

రింగు కింద పండ్ల గుజ్జు, ఇసుక చేరితే తిరగడం కష్టమవుతుంది. అగ్గిపుల్ల చెక్కి శుభ్రం చేసి, చుక్క కొబ్బరి నూనె వేస్తే సరిపోతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ రింగు వదులవుతుంది. దాన్ని తీసి ప్లేయరుతో సుతారంగా లోపలికి నొక్కి మళ్ళీ ఎక్కిస్తే బిగుతు తిరిగి వస్తుంది.

పదును పెట్టడానికి హార్డ్‌వేర్ కొట్లో దొరికే రెండు వైపుల సానరాయి చాలు. గరుకు వైపు అంచు దెబ్బతిన్నప్పుడే వాడాలి, మామూలుగా నునుపు వైపే. ఒక్కో పక్క 20 డిగ్రీల కోణం పెట్టుకోవాలి. దీన్ని కొలవడానికి ఒక ఉపాయం: ఈ బ్లేడు వెడల్పుకు వెన్ను రాయికి సుమారు 6 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి, అంటే దాదాపు నాలుగు రూపాయి నాణేలు పేర్చినంత. రాయిని తడిపి, అంచు ముందుకు పెట్టి, మొదలు నుంచి మొన దాకా ఒకే ఒత్తిడితో నూరాలి. అవతలి పక్కన అంచు పొడవునా వేలికి సన్నటి గరుకు తగిలేదాకా మొదటి పక్క నూరి, అప్పుడు రెండో పక్కకు మారాలి. ఆ గరుకు తగలకముందే పక్క మారిస్తే ఎంత నూరినా పదును రాదు, చాలామంది దగ్గర జరిగే పొరపాటు ఇదే. చివర్లో ఒత్తిడి తగ్గిస్తూ పక్కకొకటి చొప్పున పది సార్లు, తరవాత పాత తోలు బెల్టు లోపలి వైపు మీద వెనక్కి లాగుతూ పదిహేను సార్లు. వీధిలో సాన పట్టేవాళ్ళ చక్రానికి ఈ చాకు ఇవ్వకండి. వాళ్ళ పనితనం మీద అనుమానం కాదు. వేగంగా తిరిగే పొడి చక్రం కింద ఇంత పల్చటి అంచు క్షణాల్లో వేడెక్కి నీలం తిరుగుతుంది. అలా తిరిగిన చోట ఉక్కు మెత్తబడి, పదును ఒక్క రోజు కూడా నిలవదు.

చేయించకూడని పనులు: చిప్ప నుంచి కొబ్బరి ఊడబెరకడం, డబ్బా మూత ఎత్తడం, స్క్రూ తిప్పడం. మొన వంగుతుంది లేదా విరుగుతుంది. అలాంటి పనులే ఎక్కువైతే విక్టోరినాక్స్ టింకర్ లాంటిది మీకు నప్పుతుంది. స్క్రూడ్రైవరు, డబ్బా మూత తీసే పనిముట్టు దానిలోనే ఉంటాయి, ప్లాస్టిక్ పిడి వానకు ఉబ్బదు. దాని బ్లేడుకు మాత్రం బిగింపు లేదు, మొనతో గుచ్చే పని చేస్తే వేళ్ళ మీదికి మడుచుకోవచ్చు.

చట్టం సంగతి. మన దేశంలో ఆయుధ నిబంధనలు పట్టించుకునేది 9 అంగుళాలు మించిన పొడవు లేదా 2 అంగుళాలు మించిన వెడల్పు ఉన్న బ్లేడులను. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి అందులోనూ మినహాయింపు ఉంది. ఢిల్లీలో మాత్రం స్ప్రింగు, బటన్ లాంటి అమరికతో తెరుచుకునే, 7.62 సెంటీమీటర్లు లేదా ఆ పైన బ్లేడున్న చాకుల మీద విడిగా ఆంక్ష ఉంది. ఒపినెల్‌లో స్ప్రింగు లేకపోయినా అక్కడికి 6వ నంబరు తీసుకెళ్ళడం తెలివైన పని. విమానంలో చేతిసంచిలో పెట్టకూడదు, లగేజీలో వేయాలి. బ్రిటన్‌లో ఉన్న పిల్లలకు కానుకగా పంపాలనుకునేవాళ్ళు గుర్తుంచుకోవాలి: అక్కడ కారణం చూపకుండా వెంట తిప్పుకోగలిగేది 3 అంగుళాల లోపు, బిగింపు లేని మడత చాకునే. 8వ నంబరు ఆ రెండు షరతులకూ నిలవదు. ఇంట్లో వాడుకోవడానికే పంపండి.

చెక్క వస్తువు కాబట్టి ఏ రెండు చాకులూ అచ్చంగా ఒకేలా ఉండవు. చేతికి రాగానే బ్లేడు మీద కిరీటం పెట్టిన చెయ్యి ముద్ర ఉందో లేదో చూడండి, 1909 నుంచి వస్తున్న గుర్తు అది. బ్లేడు తెరిచి రింగు బిగించి, మొన పట్టుకుని పక్కలకు ఊపండి, టకటకలాడకూడదు. మడిచినప్పుడు మొన గాడి మధ్యకు దిగాలి, ఏ గోడకూ ఆనకూడదు. పట్టీ పక్కన చెక్కలో వెంట్రుక వాసి పగులున్నా వెనక్కి పంపేయండి, మొదటి వానాకాలానికే అది పెద్దదవుతుంది. చెయ్యి చిన్నదైతే 7వ నంబరు చూడండి. బ్లేడు అర సెంటీమీటరే తక్కువ గానీ పిడి సన్నగా ఉండి పట్టు బాగా కుదురుతుంది.