ఫిజిషియన్ అసిస్టెంటా, బీఎస్సీ నర్సింగా? చెన్నైలో చేరబోయేవాళ్లకు ఏది మేలు

ఇంటర్ బైపీసీ అయిపోయి, నీట్ ర్యాంకు మీద ఆశ వదులుకున్న పిల్లలను వెంటబెట్టుకుని నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపు నుంచి చెన్నై కాలేజీల చుట్టూ తిరిగే తల్లిదండ్రులు చాలామందే ఉంటారు. వాళ్ల చేతిలో ఇప్పుడు రెండు కరపత్రాలు కనిపిస్తున్నాయి. ఒకటి బీఎస్సీ నర్సింగ్‌ది, రెండోది బీఎస్సీ ఫిజిషియన్ అసిస్టెంట్‌ది, అంటే అందరూ పీఏ అని పిలిచేది. రెండూ నాలుగేళ్ల చదువులే. పీఏ కోర్సును అమ్మేవాళ్లు మాత్రం అమెరికా జీతాన్ని డాలర్లలో చెబుతారు. ముందు ఆ డాలర్ల సంగతి తేల్చుకోవాలి. ఇళ్లల్లో లెక్క తప్పేది ఎక్కువగా అక్కడే.

అమెరికా కార్మిక గణాంకాల విభాగం 2024 మే లెక్కల్లో పీఏ మధ్యస్థ వార్షిక వేతనం 1,33,260 డాలర్లు, రిజిస్టర్డ్ నర్సుది 93,600 డాలర్లు. అంకెలు నిజమే. కానీ అక్కడ పీఏ కావాలంటే డిగ్రీ తర్వాత ఆ దేశంలోనే గుర్తింపు ఉన్న మాస్టర్స్ చదవాలి. అది దాదాపు 27 నెలలు పడుతుంది. ఆ తర్వాత పాన్స్ అనే పరీక్ష పాసై, రాష్ట్ర లైసెన్సు తెచ్చుకోవాలి. మన బీఎస్సీ పీఏ పట్టాతో పాన్స్‌కు కూర్చోనివ్వరు. నర్సింగ్ సంగతి అలా కాదు. ఇక్కడి బీఎస్సీ నర్సింగ్, ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చూపించి, అమెరికాలోని ఏదో ఒక రాష్ట్ర బోర్డు ద్వారా అక్కడి నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాయొచ్చు. కాబట్టి చెన్నైలో చదివిన నర్సుకు 93,600 దూరంలోనైనా కనిపించే అంకె. చెన్నైలో చదివిన పీఏకు 1,33,260 మాత్రం ఇంకొకరి జీతమే. నర్సుకైనా దారి సులువేమీ కాదు. పరీక్ష పాసైనా, భారతీయులకు ఉద్యోగ కోటాలో గ్రీన్‌కార్డు వరస ఏళ్లకు ఏళ్లు సాగుతోంది. అది తెలిసే దిగాలి.

అలాగని ఇక్కడ పీఏ పని చిన్నదేమీ కాదు. మన దేశంలో ఈ చదువు మొదలైందే చెన్నైలో. 1992లో గుండె శస్త్రవైద్యుడు డాక్టర్ కె.ఎం. చెరియన్ మద్రాస్ మెడికల్ మిషన్‌లో ప్రారంభించారు. గుండె ఆపరేషన్లు పెరిగాయి, సర్జన్ పక్కన నిలబడి పని తెలిసి చేసే చేతులు కావాల్సి వచ్చాయి. ఈ రోజుకీ చెన్నైలో పీఏకు విలువ ఎక్కువగా ఉన్నది కార్డియాక్, న్యూరో, ఆర్థో, ట్రాన్స్‌ప్లాంట్ విభాగాల్లోనే.

పని లోపలికి వెళ్లి చూస్తే తేడా తెలుస్తుంది. సర్జరీ విభాగంలో పీఏ ఉదయం ఏడింటికల్లా వార్డులో ఉండాలి. ఆపరేషన్ చోట పెట్టిన డ్రెయిన్ గొట్టంలో ఎంత వచ్చింది, యూరిన్ ఎంత, రాత్రి జ్వరం ఉందా, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిందా అని ఒక్కో పేషెంటు వివరాలూ రాసి పెట్టుకుని కన్సల్టెంట్ రౌండ్స్‌కు సిద్ధం కావాలి. తర్వాత ఓటీ, అంటే ఆపరేషన్ థియేటర్. బైపాస్ సర్జరీ అయితే కాలి నుంచి సిర తీసే పని చాలాచోట్ల పీఏదే. గాయం కుట్టడం, డ్రెస్సింగ్, రేపటి ఆపరేషన్ పేషెంటుకు పరీక్షలన్నీ వచ్చాయో లేదో చూడటం, చివరికి డిశ్చార్జ్ సమ్మరీ. ఈ సమ్మరీని చిన్న పని అనుకోవద్దు. ఇన్సూరెన్స్ క్లియరెన్స్ ఆగేది దీని దగ్గరే, పేషెంటు బంధువులు గొంతు పెంచేదీ దీని దగ్గరే. పాత సమ్మరీని కాపీ చేసి, పేరు మార్చి, మందు డోసు మార్చడం మరచిపోవడం పీఏలు చేసే పొరపాట్లలో ప్రమాదకరమైనది. రక్తం పలచబడే మందు విషయంలో ఆ ఒక్క అంకె తప్పినా పేషెంటు మళ్లీ ఎమర్జెన్సీకి రావచ్చు.

నర్సు పని పేషెంటు మంచం పక్కనే జరుగుతుంది. మందు ఇవ్వడం, లైన్లు చూడటం, ఒళ్లు తుడవటం, మంచానికే పరిమితమైనవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, ప్రతి మార్పునూ రాయడం. డాక్టరు రోజుకు రెండుసార్లు వస్తాడు. మిగతా సమయమంతా పేషెంటు పరిస్థితి దిగజారుతోందని మొదట కనిపెట్టాల్సింది నర్సే. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ లాంటి మందులను ఇద్దరు చూసి ఇవ్వాలన్న నియమం ఊరికే పెట్టలేదు. మనుషులు తక్కువున్న నైట్ డ్యూటీలో ఆ రెండో మనిషి దొరకనప్పుడే తప్పులు జరుగుతాయి.

జీతం: ఆఫర్ లెటర్‌లో ఏం చూడాలి

చెన్నై కార్పొరేట్ హాస్పిటళ్లలో కొత్తగా చేరే బీఎస్సీ నర్సుకు సుమారు 18 నుంచి 25 వేలు, కొత్త పీఏకు 20 నుంచి 30 వేలు అనుకోవచ్చు. విభాగాన్ని బట్టి, ఏరియాను బట్టి ఇది మారుతుంది. అంటే మొదటి నెల జీతంలో పీఏదే కాస్త పైచేయి. కానీ ఈ తేడా చూసే చాలామంది మోసపోతున్నారు. సీటీసీ, అంటే యాజమాన్యం మీకోసం పెట్టే మొత్తం ఖర్చు, 25 వేలు అని రాసి ఉంటే, అందులో యాజమాన్యం కట్టే పీఎఫ్ 1,800 కూడా కలిసే ఉంటుంది. మీ వాటా ఇంకో 1,800 కోత. చేతికొచ్చేది దాదాపు 21,400. హాస్పిటల్ హాస్టల్లో ఉంటే దాని అద్దె, మెస్సు కూడా పోతాయి. జీతం 21 వేల లోపు ఉంటే ఈఎస్ఐ కోత వేరు. అందుకే రెండు ఆఫర్లను పోల్చేటప్పుడు సీటీసీ పక్కన పెట్టి, ఖాతాలో పడేది ఎంత, నైట్ అలవెన్స్ ఎంత, ఓటీ కాల్స్‌కు అదనంగా ఇస్తారా, ఈ మూడూ అడిగి రాసుకోండి.

ఐదారేళ్ల తర్వాత దారులు వేరవుతాయి. పీఏ జీతం పెరగడం హాస్పిటల్ కన్నా కన్సల్టెంట్ మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. సర్జన్‌కు చేయి అలవాటైన పీఏను ఆయన వదులుకోడు. ఆయన వేరే హాస్పిటల్‌కు మారితే తనతో తీసుకెళ్తాడు, అప్పుడు జీతం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆయన రిటైరైనా, విదేశం వెళ్లినా, కొత్తగా వచ్చిన సర్జన్ తన మనిషిని తెచ్చుకున్నా అదే పీఏ మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడొచ్చు. నర్సు జీతం ప్రైవేటులో నెమ్మదిగా కదులుతుంది, కానీ ఒక్క మనిషి చేతిలో ఉండదు.

నర్సుకున్న అసలు బలం ప్రభుత్వ ఉద్యోగం. ఎయిమ్స్ నిర్వహించే నార్‌సెట్ రాసి నర్సింగ్ ఆఫీసర్ అయితే లెవెల్ 7, మూల వేతనం 44,900. డీఏ, హెచ్ఆర్ఏ, నర్సింగ్ అలవెన్స్ వేరు. మంగళగిరి ఎయిమ్స్, బీబీనగర్ ఎయిమ్స్ రెండూ ఇంటి దగ్గరివే. తెలంగాణలో వైద్యారోగ్య సేవల నియామక బోర్డు ఇచ్చే నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల స్కేలు 36,750 నుంచి మొదలవుతుంది. రైల్వే, ఈఎస్ఐ దారులు కూడా ఉన్నాయి. పీఏకు నార్‌సెట్‌తో పోల్చదగ్గ పరీక్ష లేదు. ప్రభుత్వ ఉద్యోగమే లక్ష్యమైన ఇంట్లో ఈ ఒక్క కారణం చాలు నర్సింగ్ వైపు మొగ్గడానికి.

ఇక్కడ ఒక అన్యాయాన్నీ చెప్పాలి. సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన నిపుణుల కమిటీ 2016లోనే ప్రైవేటు నర్సుల జీతాలపై సిఫార్సులు చేసింది. 200 పడకలు దాటిన హాస్పిటళ్లు ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి, 50 పడకలకన్నా తక్కువున్న చోట కూడా 20 వేలకు తగ్గకూడదు. ఈ రోజుకీ చాలా పెద్ద హాస్పిటళ్లు ఆ దరిదాపుల్లో లేవు. ప్రాణాలు కాపాడే పనికి ఇది తగిన వేతనం కాదు. పిల్లను చేర్చే తల్లిదండ్రులకు ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

జీవితం: రాత్రులు, సెలవులు, నడుము

నర్సుకు చాలాచోట్ల ఉదయం ఆరు గంటలు, మధ్యాహ్నం ఆరు గంటలు, రాత్రి పన్నెండు గంటల లెక్కన షిఫ్టులు తిరుగుతాయి. వరసగా నైట్లు చేసి ఆఫ్ తీసుకుంటే అందులో ఒక రోజు నిద్రకే పోతుంది. తర్వాతి నర్సుకు పేషెంట్లను అప్పగించే హ్యాండోవర్‌కు పట్టే అరగంట ఎవరి లెక్కలోకీ రాదు. వెంటిలేటర్ మీదున్న పేషెంటుకు ఒక నర్సు ఉండాలి. జనరల్ వార్డులో రాత్రిపూట చూసుకోవాల్సిన పేషెంట్ల సంఖ్య మాత్రం కాగితం మీది లెక్కను ఎప్పుడో దాటిపోతుంది. పండగలకు సెలవు లాటరీ లాంటిది. అయితే షిఫ్టు ముగిశాక ఫోన్ మోగదు. ఈ ఒక్క సుఖం పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక ఎంత పెద్దదో నర్సులను అడిగితే చెబుతారు.

పీఏకు నైట్ షిఫ్టులు సాధారణంగా తక్కువ, ఆదివారం దొరికే అవకాశం కాస్త ఎక్కువ. కానీ ముగిసే సమయం ఎవరి చేతిలోనూ ఉండదు. మధ్యాహ్నం రెండింటికి మొదలైన కేసు రాత్రి తొమ్మిదిన్నరకు అయితే, పీఏ ఇంటికి వెళ్లేది పది దాటాకే. ఎక్స్‌రే సాయంతో గుండె రక్తనాళాలకు చికిత్స చేసే క్యాథ్‌ల్యాబ్‌లో అయితే సీసపు ఏప్రాన్ బరువు మోస్తూ నిలబడాలి. నర్సుకైనా పీఏకైనా పదేళ్లలో నడుము, కాళ్ల నరాలు మాట వినవు. అది మొదటి రోజు నుంచే చూసుకోవాల్సిన విషయం.

భాష గురించి ఒక మాట. గ్రీమ్స్ రోడ్ చుట్టుపక్కల హాస్పిటళ్లకు మన నెల్లూరు, తిరుపతి పేషెంట్లు, బెంగాల్ నుంచి వచ్చేవాళ్లు చాలామంది. తెలుగు, కాస్త హిందీ వస్తే అదనపు బలం. కానీ నర్సు మంచం పక్కన ఉండే మనిషి కాబట్టి ఆర్నెల్లలో తమిళం రాక తప్పదు. ‘ఎంగె వలిక్కుదు?’ అని అడగలేని నర్సు నొప్పి ఎక్కడుందో తెలుసుకోలేదు. పీఏకూ తమిళం కావాలి, కానీ ఫైలు, రౌండ్స్ ఇంగ్లిష్‌లోనే నడుస్తాయి కాబట్టి నేర్చుకోవడానికి కాస్త ఎక్కువ టైమ్ దొరుకుతుంది.

రిజిస్ట్రేషన్, చట్టం

నర్సింగ్‌లో ఇది గట్టి పునాది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 1947 చట్టంతో ఏర్పడింది. తమిళనాడు నర్సుల కౌన్సిల్‌కు అంతకన్నా పాత 1926 చట్టం ఉంది. చెన్నైలో చదివి అక్కడే రిజిస్టర్ అయి, తర్వాత ఎన్ఓసీ తీసుకుని ఆంధ్రాకో తెలంగాణకో రిజిస్ట్రేషన్ మార్చుకోవచ్చు. పీఏలకు 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టంతోనే జాతీయ స్థాయి గుర్తింపు దొరికింది. రాష్ట్రాల్లో ఆ వ్యవస్థ నర్సింగ్ కౌన్సిళ్లలా వేళ్లూనుకోవడానికి ఇంకా సమయం పడుతుంది.

అందుకే పీఏ పట్టా చేతికొచ్చిన పిల్లలకు గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. కొన్ని చిన్న నర్సింగ్ హోముల్లో రాత్రిపూట పీఏను ‘డ్యూటీ డాక్టర్’గా కూర్చోబెడతారు. జీతం ఐదారు వేలు ఎక్కువిస్తామంటారు. పీఏ సొంతంగా మందు రాయకూడదు, పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోకూడదు. ఆ రాత్రి పేషెంటుకు ఏదైనా జరిగితే యాజమాన్యం పక్కకు తప్పుకుంటుంది, సంతకం పెట్టిన పిల్లవాడు పోలీసుల ముందు నిలబడతాడు. అలాంటి చోట ఒక్క నైట్ కూడా చేయొద్దు.

విదేశాల విషయంలో ఇంకొంచెం. బ్రిటన్‌కు నర్సు వెళ్లాలంటే ఐఈఎల్‌టీఎస్‌లో రాతకు 6.5, మిగతా మూడింటికి 7, లేదా దానికి సమానంగా వైద్యరంగంవాళ్ల ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ. ఆపై కంప్యూటర్ పరీక్ష, అక్కడికి వెళ్లాక ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష. అక్కడ నియామకాలు మునుపటంత జోరుగా లేవు. జర్మనీకి భాష బీ2 స్థాయి వరకు నేర్చుకోవాలి. గల్ఫ్‌కు సాధారణంగా రెండేళ్ల అనుభవం, లైసెన్సింగ్ పరీక్ష, డేటాఫ్లో అనే సంస్థ ద్వారా సర్టిఫికెట్ల తనిఖీ. పీఏ పట్టాకు ఇలా తెరిచి ఉన్న దారులు తక్కువ, ఉన్నవి కూడా మళ్లీ అక్కడ చదువు కోరతాయి.

మరి ఎవరికి ఏది? ఓటీ అంటే ప్రాణం, చెన్నై లేదా బెంగళూరు పెద్ద హాస్పిటళ్లలోనే జీవితం గడపాలన్న కోరిక ఉంటే, చేతిపని మీద నమ్మకం ఉంటే, ఇంట్లో అప్పు ఒత్తిడి లేకపోతే పీఏ మంచి చదువే. అలాంటి పిల్లలు నర్సింగ్‌లో ఉంటే ఉక్కిరిబిక్కిరవుతారు. మిగతావాళ్లలో, అంటే ప్రభుత్వ ఉద్యోగమో విదేశమో సొంతూరో ఏదో ఒకటి తెరిచి ఉంచుకోవాల్సినవాళ్లలో, నర్సింగే మేలన్నది మా అభిప్రాయం. ఐసీయూ మీద ఆసక్తి ఉన్న నర్సులకు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఆమోదించిన క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ అనే రెండేళ్ల పీజీ కూడా ఉంది. పీఏ పనిలో నచ్చే బాధ్యత కొంత ఆ దారిలోనూ దొరుకుతుంది.

ఫీజు కట్టేముందు పీఏ కాలేజీని అడగాల్సినవి: పట్టా ఏ విశ్వవిద్యాలయానిది, మూడేళ్ల తర్వాతి ఇంటర్న్‌షిప్ ఏడాది ఏ హాస్పిటల్లో, ఆ ఏడాది ఫీజు తీసుకుంటారా, స్టైపెండ్ ఇస్తారా. జవాబు కాగితం మీద తీసుకోండి. నర్సింగ్ కాలేజీ అయితే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో ఆ ఏడాదికి పేరు, సీట్ల సంఖ్య ఉన్నాయో చూడండి. ‘క్లాసులకు రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు’ అన్న ఏజెంటు దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. క్లినికల్ గంటలు లేని పట్టా ఏ పేషెంటు దగ్గరా పనికి రాదు. చదువు అయ్యాక ఉద్యోగంలో ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టించుకుంటామంటే ఒప్పుకోవద్దు, జిరాక్సులు ఇస్తే చాలు.

చివరగా తెలుగువాళ్లకే ఎక్కువగా తగిలే చిక్కు ఒకటి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, చెన్నైలో కాలేజీవాళ్లు ఇనిషియల్ అంటే తండ్రి పేరు అనుకుని ఇంకోలా రాస్తారు. మూడు కాగితాల్లో మూడు పేర్లు. డేటాఫ్లో తనిఖీలో, కౌన్సిల్ బదిలీలో ఫైలు నెలల తరబడి ఆగేది దీనివల్లే. అడ్మిషన్ ఫారం నింపే రోజే పదో తరగతి సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని, అక్షరం తేడా లేకుండా అదే పేరు రాయించండి. పాస్‌పోర్టు ఇంకా తీసుకోకపోతే అదే పేరుతో తీసుకోండి.