ప్రశ్నలు అడగని ఈఆర్‌పీ కన్సల్టెంటుతో జాగ్రత్త: మా అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లో మాది బేరింగులు, బెల్టులు, ఆయిల్ సీళ్లు, లారీ, బస్సు విడిభాగాలు హోల్‌సేల్‌గా అమ్మే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. పాత అకౌంటింగ్ ప్యాకేజీతో ఇక నెట్టుకురాలేమని 2025 ఫిబ్రవరిలో కొనుగోళ్లు, అమ్మకాలు, స్టాకు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ ఒకటి కొని, దాన్ని మా వ్యాపారానికి తగ్గట్టు అమర్చిపెట్టే పనిని ఒక కన్సల్టెన్సీకి ఆరున్నర లక్షలకు అప్పగించాం. డిసెంబరులో ఆ పని మధ్యలోనే ఆపించి, మిగిలినదాన్ని మేమే దాదాపు మొదటి నుంచి చేసుకోవలసి వచ్చింది. వివాదం ఇంకా తేలలేదు గనుక ఆ సంస్థ పేరు రాయడం లేదు. సాఫ్ట్‌వేర్ పేరు రాయకపోవడానికి కారణం వేరు, తప్పు దానిది కాదు. ఇలాంటి పని ఎవరికైనా అప్పగించబోతున్నవారికీ, ఇప్పటికే అప్పగించి ఏదో తేడాగా ఉందని లోలోపల అనుకుంటున్నవారికీ ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

మాకు కనిపించిన మొదటి చెడ్డ లక్షణాన్ని మేము మంచి లక్షణం అనుకున్నాం. డెమో రోజున వచ్చిన సీనియర్ గంటన్నర అనర్గళంగా మాట్లాడారు, మేము ఏది చెప్పినా "అది స్టాండర్డ్‌లోనే ఉంది సార్" అన్నారు, ఆ తరువాత ఆయన మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. పనికి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు నెమ్మదస్తులు. మమ్మల్ని విసిగించకుండా ఆఫీసు గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని చేసుకుపోతుంటే, పని ఎంత బాగా తెలిసినవాళ్లో అని మురిసిపోయాం. ఉదయం పదకొండు గంటలకు కౌంటరు దగ్గర నిలబడి, ఒకే పార్టీ ఫోనులో ఒక ఆర్డరు చెప్పి, వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టి, మనిషి చేత ఒక అరిగిపోయిన ముక్క పంపించి, మూడింటికీ కలిపి ఒకే బిల్లు ఎలా అడుగుతుందో వాళ్లు ఒక్క రోజైనా చూడలేదు. వాపసు వచ్చిన సరుకును ఎక్కడ పెడతాం, ధర తగ్గించే అధికారం ఎవరికుంది, అరువు ఎంతవరకు ఇస్తాం అని అడగనూ లేదు. మూడు వారాలు గడిచినా మీ వ్యాపారం నడిచే తీరును కాగితం మీద రాసి, "ఇది సరిగా ఉందా, చూసి సంతకం పెట్టండి" అని మీ ముందు పెట్టలేదంటే, ఆ కన్సల్టెంటు ఊహ మీద పని చేస్తున్నాడని అర్థం.

ఆ ఊహ ఎంత దూరం పోతుందో చెప్తాను. మా దగ్గర పదకొండు వేల పైచిలుకు ఐటెమ్‌లున్నాయి. పాత జాబితాను ఎక్సెల్‌లోకి తీసి, డూప్లికేట్లు ఏరివేశామని చెప్పి కొత్తదానిలోకి ఎక్కించారు. ఆ ఏరివేతలో 6205 జెడ్‌జెడ్, 6205 టూఆర్‌ఎస్ అనే రెండు బేరింగులు ఒకటైపోయాయి. లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 52, మందం 15 మిల్లీమీటర్లు రెండింటికీ ఒకటే. అయితే మొదటిదానికి ఇరువైపులా రేకు మూత ఉంటుంది, రెండోదానికి రబ్బరు సీలు ఉంటుంది. ఊకా దుమ్మూ ఎగిరే రైసు మిల్లు రబ్బరు సీలుది అడిగితే రేకు మూతది వెళ్లింది, నెల తిరగకుండా వాపసు వచ్చింది. స్టోరు చూసే పెద్దాయన ఒక్కో చేత్తో ఒక్కో బేరింగు పట్టుకుని నా గదికి వచ్చి, "బాబుగారూ, కంప్యూటరులో 140 అంటున్నారు, నా దగ్గర ఇవి 90, ఇవి 50 ఉన్నాయి, ఈ రెండూ ఒకటేనని ఎవరు చెప్పారండీ?" అని అడిగేదాకా మాకు సంగతే తెలియదు. ఏరివేసినవాటి జాబితా చూపించమంటే వాళ్ల దగ్గర జాబితా లేదు. తప్పు చేయడం కన్నా నాకు ఇదే ఎక్కువ ఆందోళన కలిగించింది.

పార్టీల బకాయిలదీ అదే కథ. ప్రారంభ నిల్వలను, అంటే పాత పుస్తకాల నుంచి తెచ్చిన బాకీలను, బిల్లులవారీగా కాకుండా, పార్టీకి ఒక మొత్తం చొప్పున, అన్నింటికీ ఒకే తేదీ వేసి ఎక్కించారు. ఖాతాలన్నింటి మొత్తాలను సరిచూసే ట్రయల్ బ్యాలెన్స్ పైసాతో సహా సరిపోయింది కాబట్టి మేము సంతోషంగా సంతకం పెట్టాం. తీరా వసూళ్లకు వెళ్లే మనిషి తొంభై రోజులు దాటిన బాకీల రిపోర్టు తీస్తే ఒక్క పేరూ రాలేదు. ఏడాదిగా ఇదిగో అదిగో అంటున్న పార్టీ బాకీ కూడా జూలై 1వ తేదీనే పుట్టినట్టు చూపించింది. మీ దగ్గర ప్రారంభ నిల్వలు ఎక్కించాక మొత్తాలు చూసి ఊరుకోకుండా, బాగా పాతబడిన నాలుగు బాకీలను పట్టుకుని బిల్లు నంబరుతో, తేదీతో వెతికి చూడండి.

మిగతా లక్షణాలు అందరూ చెప్పేవే కాబట్టి క్లుప్తంగా ముగిస్తాను. ఏప్రిల్ 1న మొదలు కావలసింది జూలై 1కి జారింది. ఎప్పుడడిగినా "తొంభై శాతం అయిపోయింది సార్" అనే జవాబే వచ్చింది. సమస్యలన్నీ వాట్సాప్ గ్రూపులో పడి కొట్టుకుపోయేవి తప్ప, ఏది ఎప్పుడు చెప్పాం, ఎవరు సరిచేశారు అనే పట్టిక ఎక్కడా లేదు. శిక్షణ అంటే ఒక మధ్యాహ్నం పూట ప్రొజెక్టరు పెట్టి బొమ్మలు చూపించడమే.

అసలు పరీక్ష 2025 సెప్టెంబరు 22న వచ్చింది. ఆ రోజు నుంచి వాహనాల విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఇంద్రకీలాద్రి మీద దసరా ఉత్సవాలు మొదలైన సోమవారం అది, ఊరంతా జనం. రేటు మార్పు ఏ తేదీ నుంచి వర్తిస్తుందో సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేసే వీలుంది. వాళ్లు ఆ పని చేయకుండా ఐటెమ్ మాస్టర్‌లో, అంటే సరుకుల మూల జాబితాలో, పాత రేటు కొట్టేసి కొత్తది రాశారు. ఆ పూటకు బిల్లులు సరిగ్గానే వచ్చాయి. అక్టోబరులో, ఆగస్టు నాటి సరుకు వాపసు వస్తే పార్టీ బాకీలో ఆ మేరకు తగ్గిస్తూ ఇచ్చే క్రెడిట్ నోటు 18 శాతంతో తయారైంది. అమ్మినప్పుడు 28 శాతం పన్ను వేసిన సరుకుకు క్రెడిట్ నోటు కూడా ఆ రేటుతోనే ఇవ్వాలి. అలాంటివి ముప్పై ఒకటి బయటపడ్డాయి, వాటిని పట్టుకున్నది మా ఆడిటరు గారే గాని కన్సల్టెంటు కాదు.

ఆ ముప్పై ఒకటీ సరిచేయమంటే అరగంటలో ఫోను చేసి, "బ్యాకెండ్‌లో సరిచేశాం సార్" అన్నారు. ఈ మాట మీకు వినిపిస్తే వెంటనే మేలుకోండి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదయ్యే ఎడిట్ లాగ్ ఉండి తీరాలి, దాన్ని ఆపివేయడానికి వీలు ఉండకూడదు, అది పనిచేసిందో లేదో ఆడిటరు తన నివేదికలో రాయాలి. బ్యాకెండ్‌లో అంటే సాఫ్ట్‌వేర్ తెరలను దాటి నేరుగా డేటాబేస్‌లోకి వెళ్లి అంకెలు మారిస్తే ఆ మార్పు సాధారణంగా ఆ లాగ్‌లోకి ఎక్కదు. పైగా ఆ కుర్రాళ్లూ మా సిబ్బందీ అందరూ ఒకే 'అడ్మిన్' పేరుతో లాగిన్ అవుతున్నారని అప్పుడే బయటపడింది.

మా వైపు తప్పు లేదని అనను. సాయంత్రాలు తెలిసిన మెకానిక్కులకు చీటీ మీద సరుకు ఇచ్చి మర్నాడు బిల్లు వేసే అలవాటు మాకుంది. అది ముందే చెప్పలేదు, పైగా ఆ అలవాటు అలాగే సాగాలని పట్టుబట్టాం. జర్మనీలో లిడిల్ అనే పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థ 2011లో ఎస్‌ఏపీ అనే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ అమర్చుకునే పని మొదలుపెట్టి, దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాక 2018లో వదిలేసింది. సరుకు నిల్వను కొన్న ధర మీద లెక్కగట్టే తన పాత పద్ధతిని వదులుకోకపోవడం ఒక ముఖ్య కారణమని అప్పట్లో వార్తలు వచ్చాయి. అయితే మన మొండితనాన్ని మొదటి నెలలోనే ఎత్తిచూపి, దాని వల్ల వచ్చే నష్టం వివరించడం కూడా కన్సల్టెంటు పనిలో భాగమేనని నా అభిప్రాయం. మనం డబ్బిచ్చేది తలూపడానికి కాదు.

డబ్బు సంగతికి వస్తే, సంతకం రోజున 40 శాతం, 'ఇన్‌స్టలేషన్' పూర్తయ్యాక 40 శాతం, చివర 20 శాతం అని ఒప్పందంలో ఉంది. వాళ్ల లెక్కలో ఇన్‌స్టలేషన్ అంటే మా సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించడమే, అది నాలుగో రోజుకల్లా అయిపోయింది. అలా ఒక్క బిల్లు కూడా పుట్టకముందే 5 లక్షల 20 వేలు చేతులు మారాయి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామంటే, వ్యాపార అవసరానికి తీసుకున్న సేవకు 2019 చట్టం ప్రకారం మనం వినియోగదారులం కామని లాయరు గారు చెప్పారు. ఇక మిగిలింది ఒప్పందంలో ఉన్న ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పు. అది జరగవలసిన ఊరు వాళ్లది.

ఇప్పుడైతే నేను చెల్లింపును ఒకే పరీక్షకు ముడిపెడతాను. ఇప్పటికే ముగిసిన ఒక నెలను ఎంచుకుని, ఆ నెల కొనుగోళ్లు, అమ్మకాలు, వాపసులు, వసూళ్లు అన్నీ మన సిబ్బంది చేత కొత్త సాఫ్ట్‌వేర్ టెస్ట్ కాపీలో మళ్లీ వేయించాలి. నెలాఖరు స్టాకు విలువ, బిల్లులవారీ బకాయిలు, జీఎస్టీ రిటర్ను అంకెలు పాత పుస్తకాలతో కలిస్తేనే రెండో విడత ఇవ్వాలి. ఈ మాట చెప్పగానే సమయం లేదనేవాళ్లతో పని పెట్టుకోకపోవడమే మేలు.

ఇంకొక్క సంగతి. మా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కన్సల్టెన్సీవాళ్ల ఈమెయిల్ మీద నమోదై ఉందని పని ఆపించాక గాని మాకు తెలియలేదు. దాన్ని మా పేరుకు మార్పించుకోవడానికి పంతొమ్మిది రోజులు పట్టింది, ఆ పంతొమ్మిది రోజులూ పాస్‌వర్డ్ వాళ్ల చేతిలోనే ఉంది. మీది ఎవరి పేరున ఉందో ఈ రోజే చూసుకోండి.