అర్థమో అర్ధమో తేల్చే జూమ్: కాంపిజ్‌తో నా మూడేళ్లు

నేను ప్రూఫులు దిద్దుతాను. తెనాలిలో ఇంట్లోనే కూర్చుని ముప్పై ఏళ్లుగా ఇదే పని. మొదట్లో తడి ఆరని ప్రూఫు కాగితాలు వచ్చేవి, ఇప్పుడు పీడీఎఫ్‌లు వస్తున్నాయి. షుగరు వల్ల నా కుడికంటి రెటీనా దెబ్బతిని ఏడేళ్లయింది. ఎడమకన్ను ఒక్కటే పని చేస్తుంది, అదీ తెల్లటి తెరను ఎక్కువసేపు భరించలేదు.

తెలుగు చదివేవారికి నా ఇబ్బంది చెప్పకుండానే తెలుస్తుంది. మన అక్షరంలో సగం ప్రాణం వత్తులో ఉంటుంది. ‘అర్థం’ అంటే భావం, ‘అర్ధం’ అంటే సగం. ఆ రెండింటికీ తేడా వత్తు కడుపులోని చుక్క ఒక్కటే. పది పాయింట్ల అచ్చులో ఆ చుక్క ఆవగింజలో పదో వంతు కూడా ఉండదు. ఆ చుక్క చూడలేని మనిషికి ప్రూఫులు దిద్దే హక్కు లేదని నేను గట్టిగా నమ్ముతాను. ఈ మూడేళ్లు ఆ హక్కు నాకు మిగిలి ఉండడానికి కారణం కాంపిజ్ అనే విండో మేనేజర్ (లైనక్స్ కంప్యూటర్లలో తెర మీది కిటికీలను నడిపే ప్రోగ్రాము), దాన్ని మన అవసరానికి తగ్గట్టు మలచుకునే సీసీఎస్ఎం, అంటే కాంపిజ్‌కాన్ఫిగ్ సెట్టింగ్స్ మేనేజర్. ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆ తగ్గించిన అర ఎందుకో కింద చెబుతాను.

కాంపిజ్ పేరు వినగానే చాలామందికి గుండ్రంగా తిరిగే ఘనం, జెల్లీలా ఊగే కిటికీలు గుర్తుకొస్తాయి. నోవెల్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసిన డేవిడ్ రెవెమన్ 2006 జనవరిలో దీన్ని బయటపెట్టారు. అదే ఏడాది బెరిల్ అనే శాఖ విడిపోయింది, 2007లో మళ్లీ కలిసి కాంపిజ్ ఫ్యూజన్ అయింది. లైనక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు తన 7.10 వెర్షన్‌లో దాన్ని మొదటి నుంచే అమర్చి ఇచ్చింది. ఆ ఊగే కిటికీలు నేను ఏనాడూ వాడలేదు. సీసీఎస్ఎం తెరిస్తే యాక్సెసిబిలిటీ అనే విభాగం ఒకటి కనిపిస్తుంది. నా సంసారమంతా అక్కడే.

అందులో ఎన్‌హాన్స్‌డ్ జూమ్ డెస్క్‌టాప్ మొదటిది. సూపర్ మీట (విండోస్ గుర్తుండే మీట) నొక్కి మౌస్ చక్రం తిప్పితే తెర మొత్తం, మెనూలూ బటన్లూ అడుగునున్న గడియారంతో సహా, మౌస్ ఉన్న చోటికి పెరుగుతూ వస్తుంది. పీడీఎఫ్ చదివే అట్రిల్‌లోనే పెద్దది చేసుకోవచ్చు కదా అని కొందరు అడిగారు. చేసుకోవచ్చు. కానీ నాకు ఎడమవైపు రాతప్రతి, కుడివైపు ప్రూఫు ఒకేసారి కావాలి. అట్రిల్‌లో అక్షరం పెంచితే పుట సగం తెర దాటిపోతుంది, మళ్లీ వెతుక్కోవాలి. కాంపిజ్‌లో అయితే రెండు పుటలూ వాటి చోటనే ఉంటాయి. అనుమానం వచ్చిన చోట చక్రం మూడు గీతలు తిప్పుతాను, చుక్క చూస్తాను, వెనక్కి తిప్పుతాను. రెండు సెకన్లు పట్టదు. పుటకు ఇరవై సార్లు చేస్తాను.

దీనిలో ఫిల్టర్ లీనియర్ అనే గడి ఉంది. అది తెలిసినవారు తక్కువ. ఈ జూమ్ అక్షరాన్ని కొత్తగా గీయదు, తెర మీది బొమ్మను సాగదీస్తుంది. గడిలో టిక్ ఉంటే అంచులు నున్నగా, తడి సిరాలా పరుచుకుంటాయి. టిక్ తీసేస్తే మెట్లుమెట్లుగా కనిపిస్తుంది, కానీ గట్టిగా ఉంటుంది. చూడటానికి మొదటిదే అందం. నా పనికి రెండోదే మేలు, ఎందుకంటే థ వత్తులోని చుక్క చుట్టుపక్కల గీతతో కలిసిపోకుండా విడిగా ఒక నల్ల గడిలా నిలబడుతుంది. మండలి ఫాంటులో ఈ తేడా స్పష్టంగా తెలిసింది. దృష్టి తక్కువగా ఉన్నవారు రెండూ పెట్టి చూసుకోండి.

రెండోది నెగటివ్. సూపర్‌తో ఎన్ నొక్కితే ఎదురుగా ఉన్న కిటికీలో మాత్రం రంగులు తిరగబడి తెలుపు నలుపవుతుంది, నలుపు తెలుపవుతుంది; ఎమ్ నొక్కితే తెరంతా. సాయంత్రం నాలుగు దాటాక నా కంటికి తెల్ల కాగితం గుచ్చుకుంటుంది. అప్పుడు ప్రూఫు కిటికీని మాత్రం తిప్పుకుంటాను. మూడోది షో మౌస్. పెద్దది చేసిన తెరలో బాణం గుర్తు ఎక్కడుందో తెలియక వెతికే నాలాంటివారికి అది బాణం చుట్టూ మెరుపులు చల్లి చూపిస్తుంది.

నేను వాడేది ఉబుంటు మేట్ 22.04, అంటే మేట్ అనే డెస్క్‌టాప్‌తో వచ్చే ఉబుంటు. కాంపిజ్ దానితో ముందే రాదు, మనం తెచ్చుకోవాలి. కాంపిజ్, కాంపిజ్-మేట్, కాంపిజ్-ప్లగిన్స్, కాంపిజ్‌కాన్ఫిగ్-సెట్టింగ్స్-మేనేజర్ అనే ప్యాకేజీలు వేసుకుంటే చాలు. ప్లగిన్స్ ప్యాకేజీ మరిచిపోతే సీసీఎస్ఎంలో చాలా పనిముట్లు కనిపించవు, లేవేమో అనుకుని వదిలేస్తాం. వేశాక మేట్ ట్వీక్ అనే సెట్టింగుల పనిముట్టులో విండో మేనేజర్‌ను, ముందే ఉండే మార్కో నుంచి కాంపిజ్‌కు మార్చాలి. జూమ్ మీద టిక్ పెట్టగానే మౌస్ పొజిషన్ పోలింగ్ అనే మరో ప్లగిన్ కావాలి, చేర్చమంటారా అని అడుగుతుంది. ఒప్పుకోండి. మౌస్ ఎక్కడుందో జూమ్‌కు చెప్పేది అదే.

ఇక ఆ తగ్గించిన అర సంగతి.

పోయిన కార్తికంలో ఒక ఉదయం జూమ్ వేగం కొంచెం తగ్గిద్దామని సీసీఎస్ఎం గుర్తు మీద నొక్కాను. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాను. ఒక మాట లేదు, ఒక పెట్టె లేదు. జూమ్ మాత్రం పని చేస్తూనే ఉంది. కాంపిజ్ సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినది, సెట్టింగుల కిటికీ పైతాన్ అనే మరో భాషలో రాసినది, ఒకటి పడిపోయినా రెండోది నిలబడుతుందని నాకు అప్పటికి తెలియదు. ఇల్లు బాగానే ఉంది, తాళం చెవి పోయింది అన్నట్టు అనిపించింది.

మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను. ప్యాకేజీ తీసేసి మళ్లీ వేశాను. ఫలితం లేదు. వేసిన ప్రతిసారీ అన్నీ సరిగానే ఉన్నాయని ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఆప్ట్ చెబుతుంది, నొక్కిన ప్రతిసారీ సీసీఎస్ఎం మౌనం. మేట్ ట్వీక్ కూడా తెరుచుకోలేదు. ఆప్ట్ అప్‌డేట్ నడిపితే చివర్లో ఏపీటీ_పీకేజీ అనే మాడ్యూలు (పైతాన్ ప్రోగ్రాములు అరువు తెచ్చుకునే ముక్క) లేదని ఎర్రర్ వచ్చింది. నా గుండె జారింది. ఆ వారం 340 పుటల పుస్తకం నా దగ్గరుంది.

హైదరాబాదులో ఉన్న మా తమ్ముడి కొడుక్కి ఫోను చేశాను.

“అత్తా, గుర్తు మీద నొక్కకు. టెర్మినల్, అదే ఆజ్ఞలు టైపు చేసే కిటికీ, తెరిచి అక్కడ సీసీఎస్ఎం అని కొట్టు. ఏడిస్తే అక్కడే ఏడుస్తుంది” అన్నాడు.

కొట్టాను. జీఐ అనే పైతాన్ మాడ్యూలులోని ఒక ముక్క అందడం లేదని నాలుగు వరుసలు వచ్చాయి. పైకి చదివి వినిపించాను. అవతల కాసేపు నిశ్శబ్దం.

“అత్తా, దసరాకు వచ్చినప్పుడు నీ తప్పుల పట్టిక తయారుచేసే ప్రోగ్రాము కోసం కొత్త పైతాన్ 3.12 వేశాను కదా. పైతాన్3 అన్నప్పుడల్లా అదే పలకాలని లంకె కూడా మార్చాను. తప్పు నాదే.”

“తప్పుల మాట తర్వాత, నాన్నా. ముందు దారి చెప్పు” అన్నాను.

వాడు నా చేత రెండు పరీక్షలు చేయించాడు. లైనక్స్‌లో ఏ ప్రోగ్రాము ‘మాడ్యూలు లేదు’ అన్నా నేను ఇప్పుడు మొదట చేసేది ఇదే. పైతాన్3.12ను పేరు పెట్టి పిలిచి, కాంపిజ్‌కాన్ఫిగ్‌ను దిగుమతి చేసుకోమన్నాను. అలాంటి మాడ్యూలు లేదన్నది. పైతాన్3.10ను పిలిచి అదే అడిగాను. ఏ జవాబూ రాలేదు, కర్సర్ కింది వరుసలోకి వచ్చి ఆగింది. “ఏమీ అనలేదంటే దొరికిందని అర్థం అత్తా” అన్నాడు. ఆ ఖాళీ వరుస చూసి నాకు కలిగిన ఊరట ఇప్పటికీ గుర్తుంది.

అంటే మాడ్యూలు ఎక్కడికీ పోలేదు. యూఎస్‌ఆర్ కింద లిబ్‌లో, పైతాన్3లో, డిస్ట్-ప్యాకేజెస్ అనే సంచిలో తన చోటనే ఉంది. ఫైలు పేరు చూపించమన్నాడు, చూశాను. పేరులోనే సీపైతాన్-310 అని రాసి ఉంది. కేవలం పైతాన్‌లో రాసిన ఫైళ్లను ఏ వెర్షనైనా చాలావరకు చదువుకుంటుంది. కాంపిజ్‌కాన్ఫిగ్ అలాంటిది కాదు, లోపలి సీ లైబ్రరీకీ పైతాన్‌కూ నడుమ వంతెన. దాన్ని ఒక వెర్షన్ కోసం కంపైల్ చేస్తారు, ఆ వెర్షనే దాన్ని గుర్తిస్తుంది. ఉబుంటు 22.04 తనతో వచ్చే పైతాన్ 3.10ను నమ్ముకుని ఇవన్నీ కట్టింది. 3.12 వచ్చి అదే సంచిలో చెయ్యి పెడితే తన పేరున్న ఫైలు కనిపించదు, లేదు అని చెబుతుంది. మేట్ ట్వీక్ కథ, ఆప్ట్ కథ కూడా ఇదే. మూడు చోట్ల మూడు మాడ్యూళ్లు పోయాయని బెంగపడ్డాను. నిజానికి జరిగిన మార్పు ఒక్కటే.

ఒక పేరుకు ఏ వెర్షన్ పలకాలో నిర్ణయించే అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌లో పైతాన్3 పేరున వాడు చేర్చినవి తీసేయించి, యూఎస్‌ఆర్ బిన్‌లోని పైతాన్3 లంకెను మళ్లీ పైతాన్3.10కు కలిపించాడు. రెండే ఆజ్ఞలు. సీసీఎస్ఎం అన్నాను, తెరుచుకుంది. నా సెట్టింగులన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. తప్పుల పట్టిక కార్యక్రమాన్ని కొత్త పైతాన్ కోసం వేరే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టించాడు. ఇప్పుడు అది దాని గదిలో అది నడుస్తోంది. సిస్టమ్ పైతాన్‌ను ఎవరూ ముట్టుకోరు.

పైతాన్3.10 కూడా లేదని చెబితే సంగతి వేరు. అప్పుడు పైతాన్3-కాంపిజ్‌కాన్ఫిగ్ అనే ప్యాకేజీ నిజంగానే పోయినట్టు, అది వేసుకుంటే సరిపోతుంది. దాన్ని పిప్ అనే పైతాన్ పనిముట్టు ద్వారా తెచ్చుకోవాలని చూడకండి, అది కాంపిజ్‌తో పాటు కట్టి ఇచ్చే వస్తువు. సోర్సు నుంచి సొంతంగా కట్టుకునేవారికి మరో చిక్కు ఉంది. వారు కట్టిన మాడ్యూలు చాలాసార్లు సైట్-ప్యాకేజెస్ అనే సంచిలోకి చేరుతుంది, డెబియన్, ఉబుంటుల పైతాన్ వెతికేది మాత్రం డిస్ట్-ప్యాకేజెస్‌లో. అక్కడా ‘లేదు’ అనే మాటే వస్తుంది.

అర మార్కు తగ్గించింది పైతాన్ వల్ల కాదు, ఆ మౌనం వల్ల. చూపు సరిగా లేనివారు ఆధారపడే కిటికీ తెరుచుకోనప్పుడు ఎందుకు తెరుచుకోవడం లేదో ఒక్క వాక్యం తెర మీద చెప్పాలి. టెర్మినల్ తెరిచి నాలుగు వరుసలు చదవగలిగిన వాడు ఫోనులో దొరికాడు కాబట్టి నేను గట్టెక్కాను. అలా దొరకని ఒక రిటైర్డు మాస్టారు ఎక్కడో ఉంటారు. ఆయన జూమ్ వదిలేసి, చదవడమే మానేస్తారు. ఈ ఆలోచన నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

కొనే ముందు చూసుకోవలసినదీ ఒకటుంది. ఇది ఉచితమే, కానీ మన సమయం పెడతాం కాబట్టి కొనడం అనే అంటున్నాను. లైనక్స్‌లో తెర మీద కిటికీలు చూపే పాత పద్ధతి ఎక్స్11, కొత్తది వేలాండ్. కాంపిజ్ ఎక్స్11 మీదే నడుస్తుంది, వేలాండ్ మీద నడవదు. ఉబుంటు 25.10 నుంచి దాని మామూలు డెస్క్‌టాప్ గ్నోమ్‌కు ఎక్స్11 సెషన్ తీసేశారు. గ్నోమ్ వాడేవారికి అందులోనే సూపర్, ఆల్ట్, 8 నొక్కితే వచ్చే జూమ్ ఉంది. కేడీఈ ప్లాస్మా అనే మరో డెస్క్‌టాప్‌లో దాని విండో మేనేజర్ కేవిన్‌కు జూమ్, రంగులు తిప్పే ఇన్వర్ట్ రెండూ ఉన్నాయి. ప్లాస్మాను మా మేనల్లుడి ల్యాప్‌టాప్‌లో ఒక పూట వాడి చూశాను, బాగుంది. రేపు మేట్ నన్ను వదిలిపెట్టాల్సి వస్తే అక్కడికే వెళ్తాను.

అప్పటిదాకా చేసుకున్న జాగ్రత్త ఒకటి. సీసీఎస్ఎంలో ప్రిఫరెన్సెస్ పుటకు వెళితే ఎక్స్‌పోర్ట్ అనే బటన్ ఉంటుంది. నా సెట్టింగులన్నీ ఒక చిన్న ప్రొఫైల్ ఫైలుగా దాచి, పెన్‌డ్రైవ్‌లో పుస్తకాల పీడీఎఫ్‌ల పక్కనే పెట్టాను. ఆ 340 పుటల పుస్తకం గడువు కన్నా ఒక రోజు ముందే పంపాను. అందులో 212వ పుటలో ‘జీవితానికి అర్ధం’ అని పడి ఉంది.