పడమటి గోడకు ఏ తొడుగు?

విజయవాడ ఎండలకు పాత ఇంటి పడమటి గోడ రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. దాన్ని బయటి నుంచి కప్పడానికి రెండు దారులున్నాయి.

థర్మాకోల్ పలకలు అతికించి, మెష్ పరిచి, పూత పూయడం చవక. 50 మిల్లీమీటర్ల పలక వేడిని ఆపడంలో దాదాపు మూడడుగుల ఇటుక గోడతో సమానం! కానీ అది మంటకు ఆగదు. పూత పగిలితే వాన నీరు లోపలే చిక్కుకుంటుంది.

చట్రం బిగించి, రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన దూదిలాంటి నార) పెట్టి, గాలి ఆడే సందు వదిలి సిమెంటు ఫైబర్ పలకలు తొడగడం ఖరీదైన పని. అయితే రాక్‌వూల్ మండదు. వెనక్కి చేరిన నీరు సందులోంచి కిందికి జారిపోతుంది, వేడి గాలి పైకి పోతుంది. వంటగది గోడకైతే నేను దీన్నే ఎంచుకుంటాను.

ఏది వేసినా ముందు గోడలోని చెమ్మ పూర్తిగా ఆరాలి.