ఉప్పునీటి ట్యాంకులో జిడ్డు తెట్టు: సర్ఫేస్ స్కిమ్మర్‌తో రెండున్నరేళ్లు

మా ట్యాంకు 120 లీటర్లది. సంప్, అంటే నీళ్లు వడకట్టడానికి విడిగా పెట్టే రెండో తొట్టి, లేదు. బుడగలతో మురికిని నురగగా తీసే చిన్న ప్రొటీన్ స్కిమ్మర్‌ను వెనకాల తగిలించాను, నీళ్లను కదిలించే పంపు, వేవ్‌మేకర్, ఒకటుంది, అంతే. రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక గోబీ చేప, కొన్ని మెత్తటి పగడాలు ఉన్నాయి. మొదటి ఆరు నెలలూ నీళ్ల మీద తెట్టు కడుతూనే ఉంది. చూడ్డానికి బాగోదు తప్ప నష్టమేం లేదనుకున్నాను.

ఒకరోజు తెల్లవారుజామున లైట్లు వెలగకముందే చూస్తే, క్లౌన్ ఫిష్‌లు రెండూ పైకొచ్చి మొప్పలు గబగబా ఆడిస్తున్నాయి. టెన్షన్‌తో పీహెచ్ చూశాను. పగలు 8.2 ఉండేది 7.7కి పడిపోయింది. వంగి గాజులోంచి పైకి చూస్తే, ఎప్పుడూ అద్దంలా మెరిసే నీటి పైభాగం ఆవిరి పట్టిన గాజులా మసకబారి ఉంది. అడుగునుంచి లేచిన బుడగలు పైన పగలకుండా అలాగే అతుక్కుని నిలిచిపోయాయి. టిష్యూ కాగితం నీళ్ల మీద పరిచి ఎత్తితే జిడ్డుగా బరువెక్కి వచ్చింది.

అసలే సముద్రపు నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర మంచినీరు లీటరుకు 8.2 మిల్లీగ్రాముల దాకా పట్టుకుంటే, ఉప్పునీరు 6.7 దగ్గరే ఆగిపోతుంది. రాత్రి నాచు కూడా ఆక్సిజన్ ఇవ్వదు, పైగా తీసుకుంటుంది. ఆ సమయంలో పైన జిడ్డు కప్పేసి గాలి సరిగా ఆడకపోతే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోక పీహెచ్ దిగుతుంది. ఆ పొద్దున నేను చూసింది అదే.

మేతలోని కొవ్వు, చేపల ఒంటి జిగురు, పగడాలు వదిలే చీమిడి, చచ్చిన నాచు, అన్నీ కలిసి ఈ తెట్టవుతాయి. వీటి అణువుల్లో చాలావాటికి ఒక కొస నీళ్లను కోరుకుంటుంది, రెండో కొస నీళ్లంటే గిట్టక గాలివైపు తిరుగుతుంది. అందుకే నీళ్లూ గాలీ కలిసే చోటే చేరతాయి. ప్రొటీన్ స్కిమ్మర్ పనిచేసేదీ ఈ గుణం మీదే. బుడగల చుట్టూ ఇవి అతుక్కుంటే నురగగా బయటికి తీసేస్తుంది. కానీ మాది నీళ్లను కింద నుంచి లాగేది, పైనున్న తెట్టు దానికి అందేదే కాదు.

ముందు వేవ్‌మేకర్‌ను కాస్త పైకి తిప్పాను. గాలి బాగా ఆడింది, పీహెచ్ కూడా పడటం తగ్గింది. కానీ తెట్టు విరిగి మూలలకు చేరేది, రాత్రికల్లా మళ్లీ పరుచుకునేది. అప్పుడు నీటి పైపొరను లాగే సర్ఫేస్ స్కిమ్మర్ కొన్నాను. కింద చిన్న పంపు, లోపల స్పాంజి, పైన నీటి మట్టాన్ని బట్టి లేచి దిగే రింగు. రింగు అంచు మీంచి పైనీళ్లు చిన్న జలపాతంలా లోపలికి జారతాయి. పెట్టిన గంటలోపే ఇసుక మీద వెలుగు అలలు కదలడం మొదలైంది. ఆ ట్యాంకులో అంత స్పష్టమైన వెలుగు నేను అంతకుముందు చూడలేదు.

అయితే మొదటి నెలలో నాకు అర్థం కానిది ఒకటుంది. తెట్టు కనబడకపోవడం వేరు, ట్యాంకులోంచి పోవడం వేరు. స్పాంజి పట్టుకున్నది కొంతే, మిగతాది నీళ్లలో కలిసిపోతుంది. స్పాంజి కడగకుండా వారం వదిలేస్తే పట్టుకున్నది కూడా కుళ్లి మళ్లీ నీళ్లలోకే వస్తుంది. అందుకే సర్ఫేస్ స్కిమ్మర్ నీళ్లు బయటికి వచ్చే మూతిని ప్రొటీన్ స్కిమ్మర్ నీళ్లు లాగే చోటుకి ఎదురుగా తిప్పాను. రెండు రోజుల్లోనే ప్రొటీన్ స్కిమ్మర్ నురగ చేరే కప్పులో మురికి చిక్కగా, ముదురు రంగులో రావడం మొదలైంది. ఇంతకుముందు కప్పు మూడొంతులు లేతరంగు నీళ్లే ఉండేవి. ఈ ఒక్క మార్పు కోసమైనా దీన్ని కొనమంటాను.

బాధపెట్టిన సంగతీ చెప్పాలి. నాలుగో నెలలో గోబీ రాత్రిపూట రింగులో పడిపోయింది. పొద్దున పంపు విప్పితే స్పాంజి మీద ప్రాణంతోనే ఉంది, తోక చిరిగింది. మూడు వారాలకు తోక మళ్లీ వచ్చింది. అప్పటినుంచి రింగు చుట్టూ ప్లాస్టిక్ జాలీ కట్టి ఉంచుతున్నాను. చిన్న చేపలుంటే జాలీ లేకుండా ఒక్క రాత్రి కూడా నడపొద్దు.

రింగే దీని ప్రాణం. ఉప్పు పేరుకున్నా, లోపల గులాబీరంగు సున్నపు నాచు పట్టినా బిగుసుకుపోతుంది. అప్పుడు నీరు ఆవిరై మట్టం కాస్త దిగినా రింగు దిగదు, గాలి పీల్చి ట్యాంకంతా సన్నటి బుడగలు చిమ్ముతుంది. గొడగొడమనే చప్పుడు వినబడితే అదేనని గుర్తు. నెలకోసారి వెనిగర్, నీళ్లు సమంగా కలిపి గంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతాను. స్పాంజి మాత్రం మూడు రోజులకోసారి కడగాల్సిందే.

మేత వేసేటప్పుడు అరగంట ఆపేస్తాను, లేకపోతే గుళికలన్నీ దానిలోకే పోతాయి. ఫ్రోజెన్ మేతను కరగబెట్టి, జల్లెడలో కడిగి వేయడం మొదలుపెట్టాక తెట్టు సగానికి సగం తగ్గింది. చేతికి క్రీమో నూనో రాసుకున్నప్పుడు ట్యాంకులో చెయ్యి పెట్టను.

ఓవర్‌ఫ్లోతో సంప్ ఉన్నవాళ్లకు ఇది అక్కర్లేదు, పైనీళ్లు ఎలాగూ సంప్‌లోకే పోతాయి. మాలాంటి సంప్ లేని ట్యాంకులకు మాత్రం గట్టిగా చెప్తాను, తీసుకోండి. పోయిన నెల రింగు పగుళ్లిచ్చింది. విడిగా దొరికింది కాబట్టి అదొక్కటే మార్చాను, పంపు ఇంకా మొదటిదే.