టాక్రోలిమస్ పరీక్షకు లిక్విడ్ హ్యాండ్లర్: చాలాకాలం వాడాక

చెన్నైలోని మా ల్యాబ్‌లో కిడ్నీ, లివర్ మార్పిడి రోగుల రక్తంలో టాక్రోలిమస్ (కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే మందు) ఎంతుందో కొలవడానికి, శాంపిల్స్‌ని తనంతట తానే పీల్చి పోసే 8 ఛానళ్ల యంత్రం, లిక్విడ్ హ్యాండ్లర్ వాడుతున్నాం. రోజుకి 40 ట్యూబులు దాటితే పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. 20 లోపైతే డెక్ (యంత్రంలో ట్యూబులు, ప్లేట్లు పెట్టే బల్ల) సర్దేలోపు చేత్తోనే అయిపోతుంది.

పద్ధతి మామూలే. 96 గుంటల డీప్‌వెల్ ప్లేటులో ఒక్కో 2 మి.లీ. గుంటలో 50 మైక్రోలీటర్ల రక్తం, దానికి 0.1 మోలార్ జింక్ సల్ఫేట్ 200. షేకర్ మీద కణాలన్నీ పగిలాకే ఆస్కోమైసిన్ (కొలతకి పోలికగా అన్నింటికీ ఒకే మోతాదులో చేర్చే, టాక్రోలిమస్ లాంటి పదార్థం) కలిపిన అసిటోనైట్రైల్ అనే ద్రావకం 500. తొందరపడితే రక్తం గడ్డలు కట్టి మందు అందులోనే చిక్కుకుంటుంది. ప్లేటుని సెంట్రిఫ్యూజ్‌లోకి చేత్తోనే మార్చాలి. ‘పూర్తి ఆటోమేషన్’ అన్నది బ్రోషర్ వరకే!

అసలు తంటా రక్తంతోనే. టాక్రోలిమస్ ఎక్కువగా ఎర్ర కణాల్లోనే ఉంటుంది. ర్యాక్‌లో ట్యూబు కాసేపు నిలబడితే కణాలు అడుక్కి దిగుతాయి, రక్తహీనత ఉన్నవాళ్లవి ఇంకా త్వరగా. టిప్ (యంత్రం పీల్చే ప్లాస్టిక్ మొన) పైనుంచి ప్లాస్మా పీల్చుకుంటే రిజల్ట్ తక్కువొస్తుంది, యంత్రం మాత్రం ఏ ఎర్రరూ చూపదు. ఆస్కోమైసిన్ కూడా దీన్ని పట్టుకోలేదు, అది తర్వాత చేరేది కదా. అందుకే ట్యూబుల్ని దొర్లించి కలిపే రోలర్ మీంచి తీసిన ట్యూబుల్ని 8 చొప్పునే ఎక్కిస్తాం, పీల్చే ముందు టిప్‌తోనే మళ్లీ కలిపిస్తాం. గట్టిగా కలిపితే నురగొస్తుంది, లెవెల్ సెన్సర్ ఆ నురగనే రక్తమనుకుని గాలి పీలుస్తుంది. వేగం తగ్గించి సరిచేశాం.

నీటితో చేసిన కాలిబ్రేషన్‌ని నమ్మకండి. రక్తం టిప్ గోడకి అంటుకుంటుంది. రక్తాన్నే తూచండి: 50 మైక్రోలీటర్లు దాదాపు 53 మి.గ్రా. రావాలి.

అసిటోనైట్రైల్‌ది మరో గొడవ. దాని ఆవిరి ఒత్తిడికి టిప్ కారుతుంది. మూడుసార్లు పీల్చి వదిలి టిప్ తడిపాక, చివర గాలి ఖాళీ ఉంచితే ఆగుతుంది. ఆస్కోమైసిన్ తక్కువ పడితే మందు లేనిపోని ఎక్కువగా కనిపిస్తుంది. రోజూ ఆస్కోమైసిన్ పీక్ ఏరియాని (కొలిచే యంత్రంలో దాని సిగ్నల్ ఎంతొచ్చిందో) ఛానల్ వారీగా చూడండి. ప్లేటులో A వరుస మొత్తం తగ్గితే 1వ ఛానల్ ఓ-రింగ్ (టిప్ దగ్గర గాలి పోకుండా పట్టే రబ్బరు వలయం) అరిగినట్టే. క్యూసీలన్నీ (విలువ ముందే తెలిసిన తనిఖీ శాంపిల్స్) ఒకే ఛానల్‌లో పెడితే మిగతా ఏడింటి సంగతి బయటపడదు.

ఇక్కడి ఉక్కలో ఫ్రిజ్‌లోంచి తీసిన ట్యూబుకి చెమట పట్టి బార్‌కోడ్ చదవదు. పోరూరు, వేళచ్చేరి కలెక్షన్ సెంటర్లలో స్టిక్కర్ వంకరగా అంటిస్తే ఇక చెప్పక్కర్లేదు. ఏసీలో కాసేపుంచి తుడవాల్సిందే.

ఖర్చంతా టిప్పులదే. ఒక్కో గుంటకి రక్తానికొకటి, సెంట్రిఫ్యూజ్ తర్వాత తీసే పైతేటకొకటి, రెండు రీఏజెంట్లకి 8 చొప్పున: నిండు ప్లేటుకి 208. కరెంటు పోకుండా యూపీఎస్ తప్పనిసరి, మధ్యలో ఆగిన ప్లేటుని పారేయడమే మేలు. పిల్లల ట్యూబుల్లో అడుగున కొంచెమే రక్తం ఉంటే టిప్ అందుకోలేదు, అవి ఇప్పటికీ చేతి పిపెట్‌కే.