తెమడ పరీక్ష: స్లైడా, సీబీనాటా?

టీబీ అనుమానం వస్తే తెమడను స్లైడు మీద పూసి మైక్రోస్కోపులో చూడటం పాత పద్ధతి. క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే సీబీనాట్ అనే పరీక్షకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 డిసెంబరులో ఆమోదం తెలిపింది.

స్లైడుకు రంగులు పట్టించాక నీలం మీద సన్నటి ఎర్ర పుల్లల్లా క్రిములు కనిపిస్తాయి. ఖర్చు తక్కువే. కానీ మిల్లీలీటరు తెమడలో 5,000 నుంచి 10,000 క్రిములుంటే తప్ప దొరకవు. హెచ్ఐవీ లేనివాళ్ల ఊపిరితిత్తుల్లో తరచూ గుల్లలు పడి, అక్కణ్ణుంచి క్రిములు దండిగా తెమడలోకి వస్తాయి కాబట్టి స్లైడు చాలాసార్లు పట్టేస్తుంది. హెచ్ఐవీ ముదిరినవాళ్లలో గుల్లలు పడటమే తక్కువ. స్లైడు నెగెటివ్, ఒక్కోసారి ఎక్స్‌రే కూడా మామూలుగానే ఉంటుంది. మనిషి మాత్రం చిక్కిపోతుంటాడు.

సీబీనాట్‌కు మిల్లీలీటరుకు నూటముప్ఫై క్రిములున్నా సరిపోతుంది. రెండు గంటల్లో ఫలితం, టీబీకి వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో దీని చూపు కూడా కాస్త మందగిస్తుంది, అయినా స్లైడుతో పోలికే లేదు. నన్నడిగితే వాళ్లకు మొదటి పరీక్ష ఇదే కావాలి. రెండు వారాల దగ్గు కోసం ఆగకూడదు; దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటల్లో ఏ ఒక్కటున్నా చాలు.

అలాగని స్లైడును పారెయ్యలేం. చచ్చిన క్రిమి జన్యువును కూడా సీబీనాట్ పాజిటివ్‌గానే చూపగలదు, అందుకే మందులు పనిచేస్తున్నాయా అని చూడ్డానికి స్లైడే వాడతారు. అన్నట్టు, డబ్బాలో ఉమ్మి పోసిస్తే రెండూ దండగే. పొద్దున్నే గట్టిగా దగ్గి తీసిన తెమడ కావాలి. అదీ రానంత నీరసపడిన హెచ్ఐవీ రోగులకు మూత్రంతో చేసే ల్యామ్ పరీక్ష ఉంది.